65 వేల గేమింగ్ పీసీకి ప్రాసెసర్ ఎలా తేల్చాం: హనుమకొండ షాపులో ఒక కేస్

2024 ఏప్రిల్‌లో, ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న టైమ్‌లో, ఒక తండ్రీ కొడుకూ హనుమకొండలో మా షాపుకి వచ్చారు. పరకాల వైపు ఊరు. ఆయన ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మేసి నేరుగా వచ్చినట్టున్నారు, చొక్కాకి ఇంకా ఆ ఘాటు పోలేదు. అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. చేతిలో ఉన్నది 65 వేలు, మానిటర్‌తో కలిపి. కీబోర్డు, మౌస్ వాళ్ళ దగ్గర ఉన్నాయి. కూర్చోగానే ఆయన ఒకటే మాట చెప్పారు, "ఇగ నాలుగేండ్ల దాక మళ్ళ పైసలు అడగొద్దు, గట్ల చూసి పెట్టు తమ్మీ" అని. పంట డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, అందులోంచి తీసి పెడుతున్నారు కాబట్టి తర్వాత ఏ పార్ట్ దగ్గర తేల్చుకోలేకపోయినా నేను ఆ మాట దగ్గరికే వెళ్ళి చూసుకున్నాను.

అబ్బాయి చేతిలో వేరే షాపు వాళ్ళు రాసిచ్చిన కొటేషన్ ఉంది. చిన్న తెల్ల స్లిప్పు, దాని మీద "ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, 46,000" అంతే. ఐ7 లో ఏ జనరేషనో లేదు, మదర్‌బోర్డు పేరు లేదు, ర్యామ్ పాత రకం డీడీఆర్3నో తర్వాతి డీడీఆర్4నో లేదు. అబ్బాయి ఫోన్ చేసి అడిగితే ఐ7-4770 అని తేలింది. అంటే 2013 లో వచ్చిన నాలుగో జనరేషన్, 4 కోర్లు (ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు) 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పని వరసలు), డీడీఆర్3 ర్యామ్. నేను ఐ3 పెడతానో ఐ5 పెడతానో ఇంకా చెప్పకముందే నాన్నగారు అడ్డుపడ్డారు, "ఐ7 కంటె ఐ5 చిన్నది గద, తక్కువది ఎందుకు వెడ్తవ్?"

ఈ ప్రశ్న నాకు వారానికి నాలుగు సార్లు వస్తుంది, అడిగిన ప్రతి ఒక్కరికీ ఓపికగానే చెబుతాను, ఎందుకంటే డబ్బు పోయేది సరిగ్గా ఇక్కడే. "అంకుల్, ట్రాక్టర్ కొనేటప్పుడు కంపెనీ పేరు ఒక్కటే చూసి కొనం కదా, ఏ సంవత్సరం మోడలో చూస్తాం. ఐ7 అన్నది పేరు, పక్కన ఉన్న నంబర్‌లో మొదట ఉన్న ఒకటో రెండో అంకెలు మోడల్ లాంటివి. 4770 లో ఉన్నది 4, 12100 లో ఉన్నది 12" అన్నాను. 12వ జనరేషన్ ఐ3 లో కూడా అవే 4 కోర్లు 8 థ్రెడ్లు, కానీ ఒక్కో కోరు చేసే పని ఆ పాత ఐ7 కోరు కంటే చాలా ఎక్కువ. పైగా ఆ 4770 ని విండోస్ 11 అధికారికంగా తీసుకోదు, 8వ జనరేషన్ నుంచే సపోర్ట్, విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్‌తో ఆగిపోతుందని మైక్రోసాఫ్ట్ అప్పటికే చెప్పేసింది. నాలుగేళ్ళు నడవాల్సిన సిస్టమ్‌కి ఏడాదిన్నరలోనే దారి మూసుకుపోతుంది. ఆ స్లిప్పు మడిచి ఆయన జేబులో పెట్టుకున్నారు.

అబ్బాయి ఆలోచన ఇంకోలా ఉంది, వాడు వీడియోలు బాగా చూసి వచ్చాడు. సర్వర్లలోంచి తీసిన పాత ప్రాసెసర్ జియాన్ ఈ5-2680 వీ4, 14 కోర్లు 28 థ్రెడ్లు, చైనా ఎక్స్99 బోర్డుతో కలిపి చవగ్గా వస్తుంది, ఇన్ని కోర్లుంటే నాలుగేళ్ళేంటి పదేళ్ళు నడుస్తుంది కదా అన్న అని అడిగాడు. ఇది తప్పు లెక్క అని చెప్పడం తేలికే కానీ ఎందుకు తప్పో వాడికి అర్థం కావాలి, నాన్నగారికి కూడా అర్థం కావాలి. అందుకే పొలం దగ్గరికి తీసుకెళ్ళాను. నాట్లకి ఇరవై మంది కూలీలొచ్చారు అనుకోండి, ముందు మడిలో కరిగెట చేసే ట్రాక్టర్ ఒక్కటే ఉంది, అది మెల్లగా తిరిగితే ఇరవై మందీ గట్టు మీద కూర్చోవాల్సిందే. గేమ్‌లో కూడా అంతే, పని చాలావరకు పంచుతారు గానీ ఒక ముఖ్యమైన థ్రెడ్ ఉంటుంది, ఎవడు ఎక్కడున్నాడు, బుల్లెట్ తగిలిందా లేదా, గ్రాఫిక్స్ కార్డుకి ఇప్పుడు ఏం గీయమని చెప్పాలి, ఇవన్నీ వరసగా దాని మీదుగానే నడుస్తాయి. ఆ జియాన్ టర్బోలో, అంటే గరిష్ఠ వేగంలో కూడా 3.3 గిగాహెర్ట్జ్ దాటదు, అది 2016 నాటి కోరు. వీడియో రెండరింగ్‌కో వర్చువల్ మెషీన్లకో పర్లేదు, ఈ అబ్బాయి ఆడే గేమ్‌లకి పద్నాలుగులో పది కోర్లు గట్టు మీదే ఉంటాయి. ఆ తెలియని బోర్డుకి మన దగ్గర వారంటీ ఎవరిస్తారు అన్నది వేరే సంగతి.

అప్పుడు అసలు ప్రశ్నలు మొదలుపెట్టాను. ఏం ఆడతావు? వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఎక్కువ, రూమ్మేట్స్‌తో రాత్రి పూట. జీటీఏ 5 అప్పుడప్పుడు. సైబర్‌పంక్ ఎప్పటికైనా ఆడాలని ఉంది. ఆడేటప్పుడు వెనక ఏం ఓపెన్ ఉంటుంది? డిస్కార్డ్, క్రోమ్‌లో పాటలు. ఆండ్రాయిడ్ స్టూడియో కూడా కావాలి, మూడో సంవత్సరంలో ప్రాజెక్ట్ ఉంది. మానిటర్ ఏది అనుకుంటున్నావు? 165 హెర్ట్జ్. ఈ ఆఖరి జవాబుతోనే సగం కేస్ తేలిపోయింది. 60 హెర్ట్జ్ మానిటర్ అయితే, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మారేదైతే, ఒక్కో ఫ్రేమ్ (బొమ్మ) తయారు చేయడానికి దాదాపు 16.7 మిల్లీసెకన్లు టైమ్ ఉంటుంది, 165 అంటే 6 మిల్లీసెకన్లే. తక్కువ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో కార్డుకి ఆ 6 మిల్లీసెకన్లు చాలు, కానీ ప్రాసెసర్ అన్ని లెక్కలూ ఆ 6 లోపలే ముగించాలి, సెట్టింగ్స్ ఎంత తగ్గించినా ప్రాసెసర్ పని పెద్దగా తగ్గదు. అందుకే నేను ఎవరికైనా మానిటర్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తాను: స్క్రీన్ ఎంత, ఏ గేమ్, వెనక ఏం నడుస్తుంది, ఆ తర్వాతే ప్రాసెసర్.

65 వేలలో మానిటర్‌కి 9,600 పక్కన పెట్టాం. ఆ రోజు నా దగ్గరున్న రేట్లతో నాలుగు ప్రాసెసర్లు లైన్లోకి వచ్చాయి, ఐ3, ఐ5 ఇంటెల్‌వి, రైజెన్ ఏఎండీది. ఐ3-12100ఎఫ్ 8,200. రైజెన్ 5 5500 8,600. ఐ5-12400ఎఫ్ 11,800. రైజెన్ 5 5600 12,000.

5500 ని త్వరగానే పక్కన పెట్టాను. పేరులో 5600 కి వంద తేడానే గానీ లోపల అది వేరే చిప్, 5600జీ చిప్‌లో గ్రాఫిక్స్ ఆపేసి అమ్మేది. 6 కోర్లు 12 థ్రెడ్లు ఉన్నా ఎల్3 క్యాష్ (చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీయే, 5600 లో అది 32. గేమ్‌లకి క్యాష్ ఎంత ముఖ్యమో ఈ రెండిటినీ పక్కపక్కన నడిపితే తెలుస్తుంది. ఇంకో చిక్కు, అది పీసీఐఈ (ప్రాసెసర్‌కీ కార్డుకీ మధ్య దారి) పాత వెర్షన్ 3.0 తోనే ఆగిపోతుంది. ఆర్‌ఎక్స్ 6600 లాంటి కార్డులు ఆ దారిలో 8 లేన్లే (వరసలే) వాడతాయి, 3.0 లో పెడితే కొద్దిగా నష్టం, అదే 4 లేన్లున్న ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి 4 జీబీ కార్డు పెడితే నష్టం బాగా కనిపిస్తుంది. చవక ప్రాసెసర్, చవక కార్డు రెండూ కలిపి కొని దెబ్బతిన్నవాళ్ళని చూశాను, అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను.

అసలు గొడవ ఐ3 దగ్గర వచ్చింది. అబ్బాయి వేసిన లెక్క తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఐ3-12100ఎఫ్ 8,200, హెచ్610 బోర్డు 6,300, మిగిలినదానితో ఆర్‌ఎక్స్ 7600 కార్డు 27,000, మొత్తం 41,500. నేను అనుకుంటున్నది 5600 కి 12,000, బీ550ఎం బోర్డుకి 8,800, ఆర్‌ఎక్స్ 6600 కి 21,000, మొత్తం 41,800. అంటే అదే డబ్బుకి వాడికి దాదాపు పాతిక శాతం గట్టి కార్డు వస్తుంది. "గేమింగ్ అంటే కార్డే కదా అన్న, నువ్వే కదా ప్రాసెసర్ మీద ఎక్కువ పెట్టొద్దంటావు" అన్నాడు. నేను అనేది అదే, నిజమే. మామూలుగా అయితే వాడితో ఏకీభవించేవాణ్ణి. 60 లేదా 75 హెర్ట్జ్ మానిటర్ మీద సైబర్‌పంక్, హారిజన్ లాంటి ఒంటరిగా ఆడుకునే గేమ్‌లు మాత్రమే ఆడేవాడైతే ఈ కేస్‌లో ఐ3 నే పెట్టేవాణ్ణి, ఇప్పటికీ పెడుతున్నాను.

మాటలతో ఒప్పించడం ఎందుకని బెంచ్ మీద చూపించాను. మా షాపులో బిల్లింగ్ సిస్టమ్ ఐ3-12100ఎఫ్ తోనే నడుస్తుంది. పక్కన 5600 తో ఒక టెస్ట్ బెంచ్ ఉంది. ఒకే ఆర్‌ఎక్స్ 6600 కార్డుని మొదట దీంట్లో, తర్వాత దాంట్లో పెట్టాను, ర్యామ్ రెండిట్లో 8 జీబీవి రెండు స్టిక్కులు, 3200 స్పీడు. కౌంటర్ స్ట్రైక్ 2 లో ఇన్‌ఫెర్నో మ్యాప్ పెట్టి పది మంది బాట్లతో (కంప్యూటర్ ఆడించే ఆటగాళ్ళు), స్మోకులు (పొగ బాంబులు) వేయించుకుంటూ, వెనక డిస్కార్డ్ కాల్, క్రోమ్‌లో పాట, అచ్చం వాడు రూమ్‌లో ఆడినట్టే ఆడించాను. స్క్రీన్ మూలన ఆఫ్టర్‌బర్నర్ అనే కొలత సాఫ్ట్‌వేర్ పెట్టి ఫ్రేమ్‌టైమ్ గీత (ఒక్కో ఫ్రేమ్‌కి పట్టిన టైమ్) చూడమన్నాను, ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) అంకె కాదు. ఊరికే నడుస్తున్నంతసేపు రెండిట్లో 165 పైనే, తేడా కంటికి కనపడదు. ఆ మ్యాప్‌లో బనానా అనే సందులో స్మోక్ పడి అయిదారుగురు ఒకేసారి ఎదురుపడినప్పుడు ఐ3 లో ఆ గీత రంపం పళ్ళలా లేచింది, కార్డు వాడకం డెబ్బై శాతానికి జారింది, అంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం చూస్తోంది. 5600 లో అదే చోట గీత కొంచెం కదిలింది గానీ చెదరలేదు. వెయ్యి ఫ్రేముల్లో బాగా లేటైన పది ఫ్రేములని తీసి చూసే లెక్కని '1% low' అంటాం, మా బెంచ్ మీద ఆ రోజు అది ఐ3 లో 80 ఎఫ్‌పీఎస్ లోపుకి పడింది, 5600 లో 100 పైన నిలబడింది. మనకి తుపాకీ గురి పెట్టాల్సిన క్షణం సరిగ్గా ఆ పది ఫ్రేముల్లోనే ఉంటుంది. అబ్బాయి ఏం మాట్లాడలేదు, ఇంకోసారి ఆడతానన్నాడు, ఆడాడు.

ఒకవేళ మీరు ఇంట్లో పాత సిస్టమ్‌కి ప్రాసెసర్ మార్చాలా కార్డు మార్చాలా అని తేల్చుకోలేకపోతుంటే ఒక టెస్ట్ ఉంది, పైసా ఖర్చు లేదు, ఆ రోజు వాళ్ళకీ చేసి చూపించాను. గేమ్ రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీ కి దించండి, మిగతా ఏదీ ముట్టుకోకండి. కౌంటర్ స్ట్రైక్ 2 లో దించితే ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగలేదు, ఎందుకంటే అక్కడ అడ్డు ప్రాసెసర్, బొమ్మ చిన్నదైనా దాని పని అంతే. సైబర్‌పంక్ హై సెట్టింగ్స్‌లో 1080పీ లో రెండు ప్రాసెసర్లతోనూ అరవైల్లోనే ఉంది, 720 కి దించగానే ఎగిరింది, అంటే అక్కడ అడ్డు కార్డు. ఒకే సిస్టమ్, గేమ్ మారితే అడ్డం మారిపోయింది. ఆన్‌లైన్‌లో బాటిల్‌నెక్ క్యాలిక్యులేటర్లు రెండు పేర్లు కొట్టగానే ఒక శాతం చెప్పేస్తాయి కదా, అవి ఏ గేమ్ అని గానీ ఏ మానిటర్ అని గానీ సరిగా పట్టించుకోవు, వాటిని చూసి కొనొద్దు అని మా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లాడికీ చెబుతాను.

ఐ3 పోయింది. ఇక ఐ5-12400ఎఫ్ నిజమైన పోటీ, ఇది దాచను. 6 కోర్లు 12 థ్రెడ్లు, గేమ్‌లలో 5600 తో భుజం భుజం కలిపి నడుస్తుంది, హెచ్610 బోర్డుతో కలిపి 18,100, నా సెట్ కంటే 2,700 తక్కువ. నేను 5600 వైపు మొగ్గడానికి కారణం ఆయన చెప్పిన నాలుగేళ్ళే. 5600 కూర్చునే ఏఎం4 సాకెట్‌లో 2024 జనవరి చివర్లో రైజెన్ 7 5700ఎక్స్3డీ వచ్చింది, 8 కోర్లు, 96 ఎంబీ ఎల్3 క్యాష్. కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ లాంటి గేమ్‌లకి ఆ క్యాష్ వల్ల వచ్చే లాభం చాలా ఉంటుంది. రెండేళ్ళకో మూడేళ్ళకో అదే బోర్డులో, అదే ర్యామ్‌తో, ఒక్క చిప్ మార్చుకుంటే సరిపోతుంది, అప్పటికి కొత్తది దొరక్కపోయినా సెకండ్ హ్యాండ్ దొరుకుతుంది. హెచ్610 లో కూడా 13వ, 14వ జనరేషన్ చిప్‌లు పడతాయి, కాదనను, కానీ ఆ రేటు బోర్డులకి పవర్ సెక్షన్ మీద హీట్‌సింక్ (వేడి లాగే లోహపు ముక్క) కూడా ఉండదు, పెద్ద చిప్ పెట్టి మే నెలలో నడపమంటే నాకు ధైర్యం చాలదు. మంచి బీ660 బోర్డు తీసుకుంటే ఆ మిగిలిన 2,700 అక్కడికే పోతుంది. మీ ఊళ్ళో హెచ్610 సెట్ ఇంకా తక్కువకి దొరికి, తర్వాత మార్చే ఉద్దేశం లేకపోతే 12400ఎఫ్ కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు.

"ఏఎం4 డెడ్ ప్లాట్‌ఫామ్ అంటున్నారు కదా అన్న, ఏఎం5 కి పోదామా" అని వాడు అడిగాడు. 2022 సెప్టెంబర్‌లో దాని తర్వాతి సాకెట్ ఏఎం5 వచ్చిన మాట నిజం, కొత్త తరం చిప్‌లు దానికే వస్తాయి. కానీ అందులో డీడీఆర్5 తప్పనిసరి, ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి అప్పటి రేట్లలో పది వేల పైనే తేడా, ఆ పది వేలు కార్డులోంచే కోయాలి. 65 వేలలో అది కుదరదు, 90 అయితే నేనే చెప్పేవాణ్ణి.

ఒక్క విషయం మాత్రం నాకు ఇబ్బందిగానే ఉంది, అది వాళ్ళకి ముందే చెప్పాను. 5600 లో గానీ, పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్‌లలో గానీ లోపల గ్రాఫిక్స్ ఉండదు. కార్డు పాడై వారంటీకి పంపితే వారాలు పడుతుంది, అన్నాళ్ళూ స్క్రీన్ మీద బొమ్మే రాదు. గేమ్ ఆగినా పర్లేదు, సీఎస్‌ఈ పిల్లాడికి ప్రాజెక్ట్ ఆగితే ఎట్లా? గ్రాఫిక్స్ ఉన్న ఐ5-12400 కి అప్పట్లో ఇంకో రెండు వేల పైనే అయ్యేది, ఇటు సరిపోదు. అందుకే మా షాపులో రెండు పాత జీటీ 710 కార్డులు ఉంచుకున్నాను, మా దగ్గర కట్టించుకున్నవాళ్ళ కార్డు వారంటీకి పోతే తిరిగొచ్చేదాకా అది ఇస్తాను. గేమ్ నడవదు, కోడ్ రాసుకోవచ్చు.

మిగతా లెక్క త్వరగా అయిపోయింది. ర్యామ్ 8 జీబీవి రెండు 3,400, 500 జీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ (స్టోరేజ్) 3,000, 550 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై 3,900, ముందు మెష్ ఉన్న క్యాబినెట్ 3,300. మానిటర్‌తో సరిగ్గా 65,000. ప్రాసెసర్ సీల్డ్ బాక్స్, మూడేళ్ళ వారంటీది. అయిదారు వందలు తక్కువకి ట్రే పీస్ (బాక్స్ లేకుండా విడిగా అమ్మే చిప్) దొరికేది, నాలుగేళ్ళు అడిగిన మనిషికి అది పెట్టను. సామాను సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ నుంచి రెండు రోజుల్లో వచ్చింది.

బిగించేటప్పుడు అబ్బాయిని పక్కనే నిలబెట్టాను, ఎందుకంటే రేపు చిప్‌కీ కూలర్‌కీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ మార్చుకోవాల్సింది వాడే. ఏఎం4 లో పిన్నులు చిప్ కిందే ఉంటాయి, 1331. మూలన బంగారు రంగు త్రికోణం, సాకెట్ మీద ఇంకో త్రికోణం, రెండూ కలిపి పెడితే చిప్ దాని బరువుకే దిగిపోతుంది, వేలితో నొక్కాల్సి వచ్చిందంటే ఏదో తేడా ఉన్నట్టే. పెట్టడం తేలిక, తీయడమే ప్రమాదం. పేస్ట్ ఎండిపోయి కూలర్‌కి చిప్ అతుక్కుపోతుంది, నిట్టనిలువుగా లాగితే లివర్ వేసి ఉన్నా చిప్ ఊడి కూలర్‌తోపాటే వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. నా చేతుల్లోనే ఒకసారి అలా వచ్చింది, రీఫిల్ తీసేసిన 0.7 మైక్రోటిప్ పెన్సిల్ మొన ఒక్కో పిన్నుకి తొడిగి నిలబెట్టుకుంటూ గంటన్నర కూర్చున్నాను. అందుకే వాడికి చెప్పింది: ముందు పది నిమిషాలు గేమ్ ఆడి చిప్‌ని వేడెక్కనివ్వు, షట్‌డౌన్ చేసి వైరు పీకేయ్, స్క్రూలు తీసి కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పు, జారుతోంది అనిపించాకే ఎత్తు.

మొదటిసారి ఆన్ చేస్తే ర్యామ్ 2400 లో లేచింది. కొన్నది 3200, బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్ పేజీ) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ చేసేదాకా అది 2400 యే. రైజెన్‌లో ఇది ఇంకా ముఖ్యం, లోపల ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే దారి ర్యామ్ క్లాక్‌తో జతగా నడుస్తుంది, ర్యామ్ మెల్లగా ఉంటే చిప్ లోపలి దారి కూడా మెల్లబడుతుంది. మంచి ప్రాసెసర్ కొని ఒకే స్టిక్ ర్యామ్ పెట్టి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకుండా ఏడాది ఆడిన సిస్టమ్‌లు నా దగ్గరికి ఎన్ని వచ్చాయో. ఆ పేజీ వాడి ఫోన్‌లో ఫోటో తీయించాను.

మే మూడో వారంలో ఫోన్ వచ్చింది, గేమ్ అరగంట బాగానే ఉండి తర్వాత ఆగి ఆగి వస్తోంది, ప్రాసెసర్ 88 డిగ్రీలు చూపిస్తోందని. బాక్స్‌లో వచ్చిన చిన్న కూలర్, బయట 44 డిగ్రీలు, నాకు ముందు అదే అనుమానం వచ్చింది. వీడియో కాల్‌లో చూపించమంటే క్యాబినెట్ చెక్క టేబుల్ కింద అరలో ఉంది, మూడు వైపులా చెక్క, వెనక గోడ. బయటికి లాగించి నేల మీద కాకుండా స్టూల్ మీద పెట్టించాను, బయోస్‌లో ఫ్యాన్ కొంచెం ముందే స్పీడందుకునేలా మార్పించాను. అదే గేమ్, అదే ఎండ, 78 దగ్గర ఆగింది. కొత్త కూలర్ అమ్మే అవకాశం ఉంది గానీ అవసరం లేదు.

దీపావళి తర్వాత వాడే షాపుకి వచ్చాడు. ఇంటర్న్‌షిప్‌లో కొంచెం డబ్బు వచ్చిందట, 5700ఎక్స్3డీ పెట్టమని. క్యాబినెట్ తీసుకొచ్చాడు కాబట్టి ఊరికే అనుకోకుండా మళ్ళీ కూర్చుని టెస్ట్ చేశాం. ఇప్పుడు వాడు ఎక్కువ ఆడుతున్నది సైబర్‌పంక్, కార్డు 98 శాతం మీద నడుస్తోంది, 720 కి దించితే ఎఫ్‌పీఎస్ ఎగిరింది. కౌంటర్ స్ట్రైక్‌లో గీత ఏప్రిల్‌లో ఎలా ఉందో అలాగే ఉంది. 500 జీబీ డ్రైవ్ మాత్రం ఎర్రగా నిండిపోయి ఉంది, ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్లు, రెండు గేమ్‌లు. ప్రాసెసర్ ఇంకో ఏడాదికి చూద్దామని చెప్పి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఒకటి పెట్టి పంపించాను.